కేంద్రం పరిధిలోని చుక్క

కనకవల్లి చేసిన తప్పల్లా తన పరిశోధనకు తెలుగులో పేరు పెట్టడమే.

అంతకుముందు పదకొండేళ్లపాటు ఆవిడ దరఖాస్తు ఏటా జనవరిలో ఇంగ్లీషులో రాజధానికి వెళ్లేది. ఫిబ్రవరిలో, ఎవరూ చదవకుండానే, 'అనుమతించడమైనది' అన్న ముద్రతో తిరిగొచ్చేది. అందరూ సుఖంగా ఉండేవాళ్లు. ఈ ఏడు శాస్త్ర సాంకేతిక శాఖకు ఉన్నట్టుండి భాషాభిమానం పుట్టుకొచ్చింది. ఇకమీదట పరిశోధనల శీర్షికలన్నీ తెలుగులోనే ఉండాలనీ, లేని పక్షంలో దరఖాస్తు బుట్టదాఖలవుతుందనీ ఒక సర్క్యులరు వచ్చింది. ఆ సర్క్యులరు మాత్రం ఇంగ్లీషులో ఉంది.

డాక్టర్ ఇనగంటి కనకవల్లి తూపిలిగుట్ట మీది ప్రభుత్వ వేధశాలలో శాస్త్రవేత్త. వేధశాల అంటే టెలిస్కోపు పెట్టి చుక్కలను చూసే చోటు. కింద పెద్దకోనాపురంలో చాలామంది అది వేధించే చోటనే అనుకుంటారు. ఈ కథ పూర్తయ్యేసరికి వాళ్ల మాటే నిజమేమోనని కనకవల్లికి కూడా అనిపించింది.

ఆవిడ చూసేది పాలపుంత నడిమధ్యన కిక్కిరిసి ఉండే ముసలి నక్షత్రాలను. వయసు పైబడితే నక్షత్రం ఉబ్బుతుంది, చల్లబడుతుంది, ఎర్రబడుతుంది. అలాంటివాటిని ఎర్ర మహాతారలంటారు. వాటిలో కొన్ని కడుపులో తయారైన కర్బనాన్ని పైకి తెచ్చుకుని, మసి కక్కి, ఆ మసిలోనే ముసుగుతన్ని పడుకుంటాయి. అవి కర్బన నక్షత్రాలు. పాలపుంత అంచుల్లో అవి బాగానే దొరుకుతాయి గానీ నడిమధ్యన బహు అరుదు. కనకవల్లి జాబితాలో ముసలి నక్షత్రాలు నాలుగు వేల రెండు వందలుంటే, వాటిలో కర్బనానివి పదిహేడు. ఆ పదిహేడులోనూ ఆవిడ ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉంది.

పదకొండేళ్ల కిందట, ఆవిడ చూస్తూ ఉండగానే, ఆ ఒక్కటి మసి కక్కి మాయమైపోయింది. అప్పటినుంచీ ఏటా మార్చి మొదలు వానలు పడేదాకా ఆవిడ ఆ చోటును విడవకుండా చూస్తూనే ఉంది. కిందటేడు వానలకు ముందు ఆఖరి వారంలో, పెద్ద టెలిస్కోపులో, అక్కడ కాస్త వెలుగు తగిలింది. లాంతరు చిమ్నీకి పట్టిన మసిని లోపలినుంచి ఎవరో తుడుస్తున్నట్టు అనిపించింది. అంటే ఈ ఏడు మసి విడిపోతుంది. అది విడిపోయేటప్పుడు కొలిస్తేనే ఆ మసి ఎంతో, ఎటు పోయిందో తేలుతుంది. అది మళ్ళీ ఎప్పుడు మసి కక్కుతుందో ఎవరూ చెప్పలేరు. కనకవల్లికి యాభై ఆరేళ్లు. ఈ మూడు నెలలూ పోతే ఆ పదకొండేళ్లూ పోయినట్టే.

ఆ నక్షత్రానికి పుస్తకాల్లో ఉన్నది పదమూడంకెల నంబరు. టెలిస్కోపుకు ముప్పై ఏళ్లుగా గ్రీజు పూస్తూ, దాన్ని తిప్పుతూ, తిడుతూ వచ్చిన మెకానిక్ ఓబులేసు మాత్రం దానికి 'మసెమ్మ' అని పేరు పెట్టాడు. కనకవల్లి కూడా ఇంట్లో మసెమ్మ అనే అంటుంది.

సర్క్యులరు ప్రకారం ఆవిడ ఒక పూటంతా కూర్చుని శీర్షిక రాసింది. 'పాలపుంత కేంద్ర ప్రాంతంలోని కర్బన నక్షత్రాలు, పరిణతి చెందిన ఎర్ర మహాతారలు: ఒక పరిశీలన.' రాసి, రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయింది కూడాను.

ఫిబ్రవరిలో ముద్ర రాలేదు. మార్చిలో ఒక ఉత్తరం వచ్చింది. 'విషయము: కేంద్రములోని ఎర్రవి, గూర్చి. తమరు స్వయముగా హాజరై వివరణ ఇచ్చుకొనవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది.' కనకవల్లి బస్సెక్కి రాజధానికి వెళ్లింది.

ఉప కార్యదర్శి చదలవాడ అనంతరామయ్య మర్యాదస్తుడు. ఆయన నోరు విప్పితే ఫైలు గట్టిగా చదువుతున్నట్టు ఉంటుంది. పెళ్లాంతో కూడా అలాగే మాట్లాడతాడని సెక్షన్‌లో చెప్పుకుంటారు.

"కూర్చోండమ్మా," అన్నాడాయన. "తమ ప్రతిపాదనను కూలంకషంగా పరిశీలించడం జరిగింది. ఇది కేంద్రం పరిధిలోని అంశం."

"అవునండీ. కేంద్ర ప్రాంతమే."

"చూశారా, తమరే అంగీకరిస్తున్నారు."

ఆయన అంటున్నది ఏ కేంద్రమో అర్థం కావడానికి కనకవల్లికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముందు నవ్వొచ్చింది. ఎదుటి మనిషి నవ్వడం లేదని చూసుకుని ఆపేసింది.

"అది ఢిల్లీ కాదండీ. పాలపుంతకు మధ్యభాగం."

"కేంద్రమంటే మధ్యభాగమే కదమ్మా. మనం అంచున ఉన్నాం. మధ్యలో ఏం జరుగుతోందో అంచున ఉన్న రాష్ట్రప్రభుత్వ సంస్థ ఒకటి టెలిస్కోపు పెట్టి తొంగిచూడటం ఏ నిబంధన కింద వస్తుంది? రేపు వాళ్లు అడిగితే నేనేం సమాధానం చెప్పుకోవాలి?"

"వాళ్లెందుకు అడుగుతారండీ? నేను పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నాను, ఒక్కరూ అడగలేదు."

అనంతరామయ్య కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "పదకొండేళ్లుగా," అని కాగితం మీద రాసుకున్నాడు. దాని కింద రెండు గీతలు గీశాడు.

కనకవల్లి నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం నిదానంగా మూడో పేజీ తిప్పాడు.

"పైగా ఎర్రవి అన్నారు. పరిణతి చెందినవి అన్నారు. ముసుగులో ఉంటాయని కూడా తమరే రాశారు."

"మసి ముసుగండీ."

"దేనితో వేసుకున్నా ముసుగు ముసుగే. ఆ భాగం వరకూ హోంశాఖ అభిప్రాయం నిమిత్తం పంపడమైనది."

"పోనీ, కేంద్రం అన్న మాట కొట్టేసి నడిమి ప్రాంతం అని రాస్తానండీ. ఇక్కడే రాస్తాను, పెన్ను ఇవ్వండి."

అనంతరామయ్య పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "శీర్షిక ఒకసారి నమోదయ్యాక మార్చడానికి వీల్లేదమ్మా. మార్చితే అది వేరే ఫైలవుతుంది. వేరే ఫైలంటే వచ్చే జనవరే. అప్పటిదాకా ఏ టెలిస్కోపుతోనైనా సరే, ఏ కోణం నుంచైనా సరే, కేంద్రం వైపు చూడరాదని ఉత్తర్వు ఇస్తున్నాం. తమరి క్షేమం కోరే."

తిరుగు బస్సులో కనకవల్లి కిటికీలోంచి బయటకు చూడలేదు. దక్షిణం వైపు సీటు దొరికింది మరి.

నాలుగు రోజులకు గుట్టమీదికి మఫ్టీలో ఒక హెడ్ కానిస్టేబులు వచ్చాడు. కనకవల్లి గదిలో లేకపోతే ఓబులేసును పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఆ ఎర్రోళ్లు ఎంతమంది ఉంటారని అడిగాడు.

"నాలుగు వేల రెన్నూర్లు సార్," అన్నాడు ఓబులేసు.

హెడ్ కానిస్టేబులు చుట్టూ ఉన్న చెట్లవంక ఒకసారి చూశాడు. "ఎన్నాళ్లనుంచి ఉండారు?"

"అమ్మ చెప్పేది వెయ్యికోట్ల ఏండ్లని. కొందురు ఇంకా ముసిలోళ్లు."

'అందరూ పాతకాపులే' అని రాసుకుని ఆయన మధ్యాహ్నం బస్సుకే దిగిపోయాడు.

ఏప్రిల్లో 'నక్షత్రాల పరిధి నిర్ణయ సంఘం' ఏర్పడింది. అనంతరామయ్యే దానికి కన్వీనరు. నాలుగు వేల రెండు వందలతో ఆగితే అసంపూర్ణంగా ఉంటుందని సంఘం భావించింది. ఆకాశంలో ఉన్నవన్నీ మూడు జాబితాల్లోకి సర్దాలని తీర్మానించింది: కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. ధ్రువనక్షత్రం ఉత్తరాన ఉంది గనుక కేంద్రానికి పోయింది. అరుంధతి పెళ్లిళ్ల వ్యవహారం గనుక దాన్ని దేవాదాయశాఖకు బదలాయించారు. సూర్యుణ్ణి విద్యుత్ శాఖ తనదేనని పట్టుబట్టి తీసుకుంది. చంద్రుణ్ణి ఉమ్మడి జాబితాలో పెట్టి, చెరో పదిహేను రోజులూ పంచారు. అమావాస్య ఎవరి వాటాలోకి వస్తుందన్నది మాత్రం మూడు సమావేశాలైనా తేలలేదు. దాన్ని ఇద్దరూ వద్దన్నారు.

కేంద్రం ఎక్కడ మొదలవుతుందో కొలవడానికి ఒక రిటైరైన సర్వేయరును నియమించారు. ఆయన గుట్టెక్కి, గొలుసు తీసి, ఆకాశం వంక చూసి, మళ్ళీ గొలుసు సంచిలో పెట్టుకున్నాడు. కనకవల్లిని టీ అడిగి పుచ్చుకుని, దక్షిణాన యాభై డిగ్రీలకు కిందుగా ఉన్నదంతా కేంద్రమని రాసిచ్చి వెళ్లాడు. అందులో మసెమ్మ ఒక్కటే కాదు, సగం దక్షిణాకాశం కొట్టుకుపోయింది.

తరవాతి వారం రోడ్లు భవనాల శాఖవాళ్లు ఇనప కమ్మీ తెచ్చి, టెలిస్కోపు దక్షిణాన యాభై డిగ్రీల కిందికి వంగకుండా దాని దిమ్మెకు వెల్డింగు చేసేశారు. వెల్డింగు జరుగుతున్నంతసేపూ కమ్మీని పట్టుకుని నిలబడవలసింది ఓబులేసే. వాళ్ల దగ్గర మనిషి లేడు.

"ముప్పై ఏండ్లు దీన్ని బిడ్డ మాదిరి సాకితినమ్మా," అన్నాడు, వాళ్లు వెళ్లాక. "ఈ పొద్దు నా చేత్తోనే దాని మెడకు గుదిబండ కట్టిస్తిరి. రేపటినుంచి నేను దీని మొగం యెట్ల చూసేది?"

కనకవల్లి చాక్ పీసుతో బోర్డుమీద వానలకు మిగిలిన రోజులు రాసింది. నలభై నాలుగు.

అంతలో, ఈ నక్షత్రాలు తమవేనా అని సంఘం ఢిల్లీకి రాసిన ఉత్తరానికి జవాబొచ్చింది. 'తమ లేఖలో పేర్కొన్న నక్షత్రములు కేంద్ర ప్రభుత్వ అధీనములో ఉన్నట్లు మా రికార్డులలో కానరాదు. ఉన్నట్లు తమ వద్ద ఆధారములున్న యెడల, సదరు నక్షత్రములను సంబంధిత పత్రములతో సహా తక్షణమే అప్పగించి రసీదు పొందగలరు.'

పత్రాలంటే ఏమిటో కనకవల్లికి వెంటనే తెలిసింది. తన పదకొండేళ్ల నోటుపుస్తకాలు. ఆ రోజే వాటిని మూటగట్టి ఓబులేసు ఇంట్లో, జొన్నల గాదె వెనక పెట్టించింది.

ఆ ఉత్తరం ఎలా బయటికి పొక్కిందో గానీ, తెల్లారేసరికి రాష్ట్రం గాలి మారిపోయింది. 'మన చుక్కలపై కేంద్రం కన్ను' అని పేపర్లు రాశాయి. పాలపుంత కేంద్రంలో వెయ్యి కోట్ల నక్షత్రాలు పేరుకుపోయి ఉంటే మనకు అంచున నాలుగు మినుకుమినుకుమనేవి విదిల్చారనీ, ఇది సవతితల్లి ప్రేమనీ ఒక శాసనసభ్యుడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. అఖిలపక్షం రౌండ్ టేబుల్ సమావేశం పెట్టింది. పెద్దకోనాపురంలో రాస్తారోకో జరిగింది. బస్సు ఆగిపోవడంతో కనకవల్లి కూరగాయల సంచి పట్టుకుని గుట్టదాకా నడిచొచ్చింది. దారిలో ఒక కుర్రాడు ఆవిడ చేతికే జెండా ఇచ్చాడు.

మే నెలాఖరులో అనంతరామయ్య స్వయంగా ఫోను చేసి పిలిచాడు. ఈసారి కాఫీ తెప్పించాడు. ఆ కాఫీ చూసి కనకవల్లికి భయమేసింది.

"అమ్మా, ప్రభుత్వ వైఖరిలో గుణాత్మకమైన మార్పు వచ్చింది," అన్నాడు. "ఆ నక్షత్రాల్లో కనీసం ఒక్కటైనా మన రాష్ట్రానిదేనని రుజువు చేయగలిగితే, మనం తలెత్తుకుని నిలబడగలం. అలాంటిది ఏదైనా తమ దృష్టిలో ఉందా?"

"ఒకటుందండీ," అంది కనకవల్లి, ఊపిరి బిగబట్టి. "మనదని ఎలా రుజువు చెయ్యాలి?"

"ఎవరికైనా ఎలా చేస్తామో అలాగే. నేటివిటీ సర్టిఫికెట్. అభ్యర్థి వరుసగా ఏడేళ్లు ఈ రాష్ట్రంలో అధ్యయనం చేసి ఉంటే స్థానికుడు. లేకపోతే స్థానికేతరుడు."

కాలేజీ సీటు కోసమో ఉద్యోగం కోసమో ఈ సర్టిఫికెట్ పట్టుకుని తిరగని ఇల్లు రాష్ట్రంలో లేదు. కనకవల్లి కూడా తిరిగింది. అందుకే ఆవిడకు చప్పున తట్టింది.

"అధ్యయనం చేసి ఉండాలా, అధ్యయనం చేయబడి ఉన్నా చాలా?"

అనంతరామయ్య నిబంధనల పుస్తకం తీశాడు. చదివాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. ఆయన మొహంలో మెల్లగా వెలుగొచ్చింది. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆయనకు ఇంత ఆనందం ఎప్పుడూ కలిగినట్టు లేదు.

"కర్తరి ప్రయోగమో, కర్మణి ప్రయోగమో నిబంధనలో స్పష్టం చేయలేదు," అన్నాడు. "స్పష్టం చేయనప్పుడు అభ్యర్థికి అనుకూలంగానే అన్వయించాలి. తమరు ఆ నక్షత్రాన్ని ఎన్నేళ్లుగా..."

"పదకొండేళ్లు. వరుసగా."

"బ్రహ్మాండం. అయితే వరుసగా అంటే వరుసగానే సుమండీ. ఈ ఏడు కూడా చూసి ఉండాలి. మధ్యలో ఒక్క ఏడు తెగినా మళ్ళీ మొదటినుంచి లెక్క."

"ఈ ఏడు చూడొద్దని మీరే ఉత్తర్వు ఇచ్చారు కదండీ!"

"అది వేరే ఫైలమ్మా," అన్నాడు అనంతరామయ్య, నొచ్చుకుంటూ.

కనకవల్లికి ఆ కాఫీ కప్పు ఆయన నెత్తిమీద బోర్లించాలనిపించింది. ముప్పై ఏళ్లు ప్రభుత్వోద్యోగం చేసిన మనిషి గనుక, దాన్ని సాసరులో జాగ్రత్తగా పెట్టి, మరి దారేమిటని అడిగింది. దారి ఉందన్నాడాయన. సర్టిఫికెట్ ఇచ్చేది తహసీల్దారు. ఆయన విచారణ జరపాలి. విచారణకు అభ్యర్థి స్వయంగా హాజరు కావాలి. కనుక విచారణ నిమిత్తం ఒకే ఒక సాయంత్రం, తహసీల్దారు సమక్షంలో, ఆ నక్షత్రాన్ని చూడటానికి తానే ప్రత్యేక మినహాయింపు ఇస్తాడు. అభ్యర్థి హాజరైతే ఈ ఏటి అధ్యయనం కూడా జరిగినట్టే లెక్క, సర్టిఫికెట్ వచ్చినట్టే, నక్షత్రం రాష్ట్రానిదే, తమరు ఎన్ని రాత్రులైనా చూసుకోవచ్చు. హాజరు కాకపోతే దరఖాస్తు తిరస్కృతి.

"కమ్మీ తీయించండి మరి."

"తీయించడానికి టెండరు పిలవాలి. వేరే టెలిస్కోపు ఏదీ లేదా?"

ఉంది. బడిపిల్లలు వచ్చినప్పుడు చందమామను చూపించే ఎనిమిది అంగుళాల చిన్న టెలిస్కోపు. దానిలో మసెమ్మ కనబడాలంటే మసి ముప్పాతిక వంతు విడిపోయి ఉండాలి. విడిపోయిందో లేదో తెలుసుకోవడానికి మార్చినుంచీ ఆవిడను ఎవరూ చూడనివ్వలేదు. కనకవల్లి ఇంకేం మాట్లాడకుండా సంతకం పెట్టింది.

దరఖాస్తు ఫారం గుట్టమీద కూర్చుని కనకవల్లీ ఓబులేసూ నింపారు. అభ్యర్థి పేరు దగ్గర కనకవల్లి పదమూడంకెల నంబరు రాయబోతే గడులు చాలలేదు. మసెమ్మ అనే రాసింది. తండ్రి పేరు ఖాళీగా వదలకూడదని ఉంది గనుక పాలపుంత అని రాసింది. పుట్టుమచ్చల దగ్గర ఓబులేసు చెప్పినట్టే రాసింది: ఒకటి, ఒళ్లు ఎర్రగా ఉండును, రెండు, మసి. అభ్యంతరాలుంటే వారంలోగా తెలపాలని పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది. ఈ మసెమ్మ లోకల్ కోటాలో చేరితే తన కూతురి నర్సింగు సీటు పోతుందేమోనని ఒక తండ్రి అడిగాడు. మసెమ్మకు సీటు అక్కర్లేదని కనకవల్లి రాతపూర్వకంగా హామీ ఇచ్చింది.

విచారణ జూన్ ఏడున పడింది. ఆ రోజు పొద్దున్నే నైరుతి దిక్కున మబ్బులు లేచాయి.

తహసీల్దారు మునెయ్య సాయంత్రానికి ముద్రలూ ఇంకుప్యాడూ సంచిలో వేసుకుని గుట్టెక్కాడు. పొట్టిమనిషి, ఆయాసం. కుర్చీ వేయించుకుని కూర్చుని, ఫారం రెండుసార్లు చదివి, కనకవల్లి వంక ఎగాదిగా చూశాడు.

"అమ్మా, నేను మండలంలో చాలా జూసినా. సచ్చిపోయినోళ్లకు గూడా సర్టిఫికెట్లిచ్చినా. ఇట్లాంటిది జూడలేదు. అభ్యర్థి యాడుండాది?"

"తొమ్మిదిన్నర దాటాక ఆ తూర్పు కొండ పక్కగా పైకొస్తుందండీ."

"వచ్చినాక చెప్పండి. అంతదాకా కునుకు తీస్తా."

తొమ్మిదిన్నరకు ఆగ్నేయమంతా మబ్బు. పావు తక్కువ పదికీ మబ్బే. కనకవల్లి చిన్న టెలిస్కోపును ఆ వైపు తిప్పిపెట్టి, దాని పక్కనే కటికనేల మీద కూర్చుంది. ఓబులేసు మబ్బుల వంక చూసి పళ్లు పటపటలాడించాడు. వాటిని ఎవరి జాబితాలో వేశారో సంఘం చెప్పలేదు గనుక ఎవరిని తిట్టాలో అతనికి తెలియలేదు.

మునెయ్య లేచి, గడియారం చూసుకుని, సంచి భుజాన వేసుకున్నాడు. "లాభం లేదుమ్మా. అభ్యర్థి గైరుహాజరని రాసేస్తా. నాకు రేపు పొద్దున కలెక్టరు మీటింగుండాది."

"ఐదు నిమిషాలండీ."

"ఎన్ని ఐదు నిమిషాలమ్మా?"

"పదకొండేళ్లు ఆగానండీ," అంది కనకవల్లి. "మీరు ఐదు నిమిషాలు ఆగండి. మీకు దణ్ణం పెడతాను."

మునెయ్యకు ఏమనిపించిందో, సంచి దించి మళ్ళీ కూర్చున్నాడు.

ఐదు నిమిషాలకు కాదు, పన్నెండు నిమిషాలకు గాలి తిరిగింది. మబ్బు కాస్త పక్కకు జరిగి, కొండపైన ఒక చెయ్యి వెడల్పున ఆకాశం తేలింది. కనకవల్లి కన్ను టెలిస్కోపుకు ఆనించింది. ఆ చోటు ఆవిడకు తన వంటింటికన్నా బాగా తెలుసు. మూడు చుక్కలు ముక్కోణంగా ఉంటాయి, వాటి కిందగా రెండు జంటగా ఉంటాయి, ఆ రెంటికీ ఎడమన పదకొండేళ్లుగా ఏమీ ఉండదు.

ఇవాళ ఉంది. చిన్నదే గానీ తొణక్కుండా, ఎర్రగా, పక్కనున్న జంటలో పెద్దదానికి ఇంచుమించు సమానంగా వెలుగుతోంది. మసి విడిపోయింది. ఆవిడ చూస్తుండగా కాదు, ఆవిడను చూడనివ్వకుండా ఉంచిన ఆ మూడు నెలల్లో చాలావరకు విడిపోయింది. అయినా ఇంకా పూర్తిగా విడలేదు, కొలవడానికి ఇంకా మిగిలే ఉంది. నోటుపుస్తకంలో తేదీ, వేళ వేసి, పక్క చుక్కతో పోల్చి ఎంత వెలుగుందో రాసింది. కాగితం మీద నీటిచుక్క పడితే చీరచెంగుతో అద్దింది.

"వచ్చిందండీ," అంది లేచి నిలబడి.

మునెయ్య వంగి, ఒక కన్ను మూసి, రెండోది మూసి, చివరికి సరైన కన్ను తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు. ఫారం తెప్పించుకుని పుట్టుమచ్చలు సరిచూసుకుని మళ్ళీ చూశాడు.

"ఎర్రగానే ఉండాది," అన్నాడు. "అభ్యర్థి స్వయంగా రావాలని రూలుండాది కదమ్మా. అది ఆడుండాది, మనమిక్కడుండాము. ఇది హాజరెట్లయితాది?"

"దాని వెలుగు మీ కంట్లో పడింది కదండీ. అది అక్కడ బయల్దేరి ఇక్కడికి వచ్చిందే. ఫోటో కాదు, నకలు కాదు."

"ఎప్పుడు బయల్దేరింది?"

"ఇరవయ్యారు వేల ఏళ్ల కిందట."

మునెయ్య టెలిస్కోపుకు ఆనించిన కన్ను తీసి ఆవిడ వంక చూశాడు. "యాడా ఆగకుండానా?"

"ఎక్కడా ఆగలేదండీ."

ఓబులేసు పక్కన నిలబడి తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. మబ్బు మళ్ళీ కమ్ముకొస్తోంది. కనకవల్లి కదలకుండా తహసీల్దారు చేతివంకే చూస్తోంది. ఆ చెయ్యి ఎంతమంది కాగితాలను వెనక్కి నెట్టిందో మండలమంతా చెబుతుంది. మునెయ్య సంచిలోంచి ఇంకుప్యాడు తీసి, మూత తెరిచి, ముద్రను రెండుసార్లు అద్దాడు.

"నా ఆఫీసు గడప తొక్కినోళ్లలో రేపు రా అనిపించుకోకుండా పోయినోళ్లు లేరమ్మా," అన్నాడు. "కానీ అంత దూరంనుంచి పడి వచ్చినదాన్ని రేపు రమ్మంటే ఉసురు తగుల్తాది."

కుర్చీ చేతిమీద ఫారం పెట్టి, 'హాజరు' అన్నచోట ముద్ర గుద్దాడు.